ల్యాబు ప్లేటులో బ్యాక్టీరియా చస్తే సరిపోదు

వెండి క్రిములను చంపుతుంది కాబట్టి వెండి నీళ్లు తాగండి అని చెప్పే వీడియో కనిపించినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. చంపే మాట నిజమే. వెండి అయాన్, అంటే విద్యుదావేశమున్న వెండి పరమాణువు, బ్యాక్టీరియా ప్రోటీన్లలోని గంధకాన్ని గట్టిగా పట్టుకుంటుంది, దాంతో ఎంజైములు పని మానేస్తాయి, కణపు పొర కూడా దెబ్బతింటుంది. కానీ ఆ గంధకం మన ప్రోటీన్లలోనూ ఉంది కదా, చిక్కంతా అక్కడే.

వెండిలాగే మందుగా వాడిన బంగారం కథ ఇంకా బాధ కలిగిస్తుంది. గోల్డ్ సైనైడ్ అనే బంగారు సమ్మేళనం కొంచెం కలిపినా క్షయ బ్యాక్టీరియా పెరగదని, ఆ బ్యాక్టీరియాను కనుగొన్న రాబర్ట్ కోహ్ 1890లో చెప్పాడు, అయితే అది పరీక్షనాళికలో. జంతువుల్లో పని చేయలేదు. అయినా 1920ల్లో క్షయ రోగులకు బంగారు లవణాలు ఎక్కించారు, చాలామందికి ఒంటినిండా దద్దుర్లు, కిడ్నీల దెబ్బ మిగిలాయి. తర్వాత అవే లవణాలు కీళ్లవాతానికి మందులయ్యాయి. వాటి వారసురాలే ఆరానోఫిన్, 1985లో అమెరికాలో అనుమతి వచ్చిన మాత్ర. ఇది కణాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడే థయోరెడాక్సిన్ రిడక్టేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది కాబట్టి మామూలు మందులకు లొంగని, గాయాల్లో చీము పట్టించే స్టాఫ్ (స్టాఫైలోకాకస్) బ్యాక్టీరియాను కూడా ల్యాబులో చంపేస్తుంది. పేగుల్లో ఉండే ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా మీద మాత్రం అంతగా పారదు, వాటికి బయట ఇంకో పొర, లోపల అలాగే కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థం అండ ఉన్నాయి. పాత మందుకు కొత్త పని దొరకడం నాకు నిజంగా ఆశగా ఉంది, కానీ ఆ ఎంజైము మనకూ ఉంది, అందుకే ఆ మాత్ర వాడేవాళ్లకు రక్తం, మూత్రం పరీక్షలు తప్పవు.

వెండికి ఒంటి పైపూతే సరైన చోటు. 1968 నుంచి కాలిన గాయాలకు రాసే సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీము అలా నిలబడిందే, అది కూడా గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని తేలాక వాడకం తగ్గుతోంది. అదే వెండిని రోజూ మింగితే? చర్మంలో పేరుకుని, ఫొటో ఫిల్మ్ మీద జరిగినట్టే వెలుతురు తగిలి నల్లబడుతుంది, మనిషి నీలిబూడిద రంగుకు మారిపోతాడు, ఆ రంగు ఇక మామూలుగా పోదు. దీన్ని ఆర్జీరియా అంటారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మే కొల్లాయిడల్ సిల్వర్ (సన్నని వెండి రేణువులు కలిపిన ద్రవం, వీడియోల్లోని వెండి నీళ్లలాంటిదే) మందులు సురక్షితమనీ, పని చేస్తాయనీ ఒప్పుకోలేమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చేసింది.

ఇంకోటి, వెండికి లొంగని బ్యాక్టీరియా కూడా ఉన్నాయి, 1975లోనే కాలిన గాయాల వార్డులో అలాంటి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది. అందుకే క్రిములను చంపే కొత్త వెండి, బంగారు సమ్మేళనం గురించి చదివేటప్పుడు నేను మొదట చూసేది అది ఎన్ని క్రిములను చంపిందని కాదు, ఆ మోతాదులో మనిషి కణాలు ఎన్ని బతికాయని, పరీక్ష చేసింది ఉత్త నీళ్లలోనా లేక సీరం (రక్తంలోని ద్రవభాగం) కలిపా అని. ఎందుకంటే రక్తంలోని క్లోరైడ్, ప్రోటీన్లు వెండిని మధ్యలోనే పట్టేసుకుంటాయి.