రెండో కేసుతో పోయిన లైసెన్సు: నా అనుభవం

మా తమ్ముడు విశాఖ పోర్టులో కంటెయినర్ ట్రెయిలర్ నడిపేవాడు. బండి ఎక్కే రోజున చుక్క ముట్టడు, ఆ మాట వాడి యజమానీ చెబుతారు. పట్టుబడింది సెలవు రోజు రాత్రి, బీచ్ రోడ్డులో, స్కూటరు మీద. బ్రీత్ ఎనలైజర్ 96 చూపించింది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను కింద కేసే.

వాడి మీద అంతకుముందే ఇలాంటి కేసు ఒకటి ఉందని స్టేషనులోనే తెలిసింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కోర్టుకు వెళ్లి, నేరం ఒప్పుకుని, పదివేలు కట్టి వచ్చాడట. ‘‘చలానా కట్టేశాను కదా అన్నయ్యా, అది అయిపోయింది’’ అన్నాడు. మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకుని కట్టిన డబ్బు రికార్డులో శిక్షగా నిలిచిపోతుందని వాడికి తెలియదు. డబ్బు కట్టించుకున్న రోజున ఆ ఒక్క సంగతి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ బాధే.

సూర్యాబాగ్ కోర్టుల దగ్గర ఒక న్యాయవాదిని కలిశాం. ఆయన మొదట అడిగింది పాత తీర్పు నకలు. రెండోసారి అయితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15 వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చన్నారు. మా అమ్మ భయమంతా జైలు గురించే. ఆయన మాత్రం 22వ సెక్షను తీసి చూపించారు. 185 కింద ఒకసారి శిక్ష పడినవాడికి మళ్లీ అదే సెక్షను కింద శిక్ష పడితే కోర్టు లైసెన్సు రద్దు చేసి తీరాలి. సస్పెండ్ చేస్తే గడువు తీరాక కార్డు చేతికి వస్తుంది, రద్దయితే రాదు. స్కూటరుకీ ట్రెయిలర్‌కీ వాడికి ఉన్నది ఒకే కార్డు!

యంత్రం ఇచ్చిన చీటీ మీద వాడి సంతకం ఉంది, వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. నేరం ఒప్పుకుంటే ఆ తర్వాత అప్పీలు శిక్ష ఎంత, అది చట్టబద్ధమేనా అన్నంతవరకే ఉంటుందని న్యాయవాది ముందే హెచ్చరించారు. అయినా ఒప్పుకోవడమే మేలనుకున్నాం. 15 వేల జరిమానా, కోర్టు లేచేదాకా నిర్బంధం. కార్డు అక్కడే తీసుకుని, దాని మీద రద్దు సంగతి రాసి రవాణా శాఖకు పంపారు.

లైసెన్సు లేకుండా నడిపితే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదువేల జరిమానా, లేదా రెండూ. అలాంటివాడికి బండి అప్పగించిన యజమానికీ అంతే. అందుకే, ఎంత అభిమానం ఉన్నా, యజమాని వాడికి తాళాలు ఇవ్వలేదు. యార్డులో లోడింగు లెక్కలు రాసే పని ఇచ్చారు. జీతం బాగా తగ్గింది, ఇంటి అప్పు వాయిదా ప్రస్తుతానికి నేను కడుతున్నాను.