అక్క కామిక్ నుంచి బల్ల మీది ఆట దాకా: 18 బొమ్మలు, 12 క్లిక్కులు

మొదటి వారం

అక్క గీస్తున్న ఫాంటసీ కామిక్ 14 సంచికలయింది. దాన్ని సేకరించి ఆడుకునే మినియేచర్ల (చిన్న బొమ్మల) ఆటగా మార్చే పని ఈ వారం మొదలుపెట్టాను. కొలతలు, తప్పులు, తేలిన విషయాలు ఎప్పటికప్పుడు ఇక్కడ రాస్తాను. ఇలాంటి పనికి దిగేవాళ్లకి ఇందులో ఏదో ఒక అంకె పనికొస్తుంది.

ముందుగా ఒక కాగితం పని. సొంత అక్కే అయినా, ఏ పాత్రల్ని వాడుకోవచ్చు, బొమ్మల రూపం మీద తుది మాట ఎవరిది అన్నది రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. వేరేవాళ్ల కామిక్‌తో చెయ్యాలనుకుంటే ఇది మరీ అవసరం. ఆట నియమాలు మీరు కొత్తగా రాసుకున్నవే కావచ్చు, కానీ పాత్రల ముఖాలు, బట్టలు, పేర్లు వాళ్లవి.

కామిక్‌లో పేరున్న పాత్రలు అరవై దాకా ఉన్నాయి. మొదటి విడతకి 18 చాలనుకున్నాం. ఎంపికకి ఒకటే పరీక్ష పెట్టాను. ప్రతి పాత్రనీ 4 సెంటీమీటర్ల ఎత్తున అచ్చు వేసి, లోపలంతా నల్లగా నింపేశాను. ఆ నల్లటి ఆకారం చూసి కామిక్ చదివినవాళ్లు పేరు చెప్పగలగాలి. మోదుగని అందరూ గుర్తుపట్టారు, చెట్టు వేళ్లలాంటి ఆ చేతులు ఇంకెవరికీ లేవు. చిట్టికాకి ముక్కు ముసుగూ అంతే. అక్కకి చాలా ఇష్టమైన ముగ్గురు రాజకుమారుల్ని మాత్రం ఒకరి నుంచి ఇంకొకరిని ఎవరూ విడదీయలేకపోయారు. వాళ్లకి ఈ విడతలో చోటు లేదు. అక్క రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మూడో వారం

డయల్ ఆలోచన నాది కాదు. 2000లో విజ్‌కిడ్స్ సంస్థ మేజ్ నైట్ ఆటలో బొమ్మ కింది బేస్‌లోనే తిరిగే చక్రం పెట్టింది. 2002లో అదే పద్ధతిని హీరోక్లిక్స్ పేరుతో కామిక్ హీరోలకి తెచ్చింది. దెబ్బ తగిలితే చక్రాన్ని ఒక క్లిక్ తిప్పుతారు, బేస్‌కున్న చిన్న కిటికీలో కొత్త అంకెలు వస్తాయి. పక్కన కాగితం, పెన్సిలు అక్కర్లేదు. కామిక్‌ని ఆటగా మార్చడానికి ఇంతకంటే తగిన సాధనం లేదని నా నమ్మకం. కామిక్ కూడా అలాగే నడుస్తుంది కదా, ఒక ప్యానెల్ తర్వాత ఇంకో ప్యానెల్. డయల్‌లో ఒక్కో అర, అంటే ఒక్కో క్లిక్‌కి కిటికీలో కనిపించే ముక్క, ఒక్కో ప్యానెల్. ఆ 12 అరల్లో పాత్ర కథ కనిపించకపోతే అది ఉత్త అంకెల చక్రం.

ఇక కొలతలు. బేస్ 38 మి.మీ. అంటే దాదాపు ఒకటిన్నర అంగుళం. బోర్డు మీద గడి కూడా అంతే పెట్టాను. 16 గడుల బోర్డు రెండడుగులు వస్తుంది, మామూలు భోజనాల బల్ల మీద సరిపోతుంది. డయల్‌లో 12 అరలు, ఒక్కోటి 30 డిగ్రీలు. మొదట నాలుగు అంకెలు పెట్టాను: నడక, దాడి, కాపు (రక్షణ), దెబ్బ. చక్రం మధ్యకి వచ్చేకొద్దీ అర ఇరుకైపోతుంది. కేంద్రం నుంచి 6 మి.మీ. దూరంలో ఒక అర వెడల్పు 3 మి.మీ. మాత్రమే. అక్కడ రెండంకెల సంఖ్య వేస్తే భూతద్దం కావాలి. అందుకని దెబ్బని డయల్ లోంచి తీసేసి కార్డు మీద స్థిరంగా ఉంచాను. మిగిలిన మూడూ 7 నుంచి 16 మి.మీ. మధ్య హాయిగా కూర్చున్నాయి.

బేస్ రెజిన్‌తో (కాంతి తగిలితే గట్టిపడే ద్రవం) 3డీ ప్రింట్ చేస్తే క్లిక్ మనిపించే సన్నటి నాలుక నాలుగు సార్లు తిప్పేసరికి పుటుక్కున విరిగింది. మామూలు రెజిన్ పెళుసు. దాంతో బేస్‌లన్నీ ప్లాస్టిక్ తీగని కరిగించి పొరలుగా పేర్చే ఫిలమెంట్ ప్రింటర్ మీదికి మార్చాను. పీఎల్ఏ ప్లాస్టిక్, 0.12 మి.మీ. పొర, నాలుకని పడుకోబెట్టి ప్రింట్ చెయ్యాలి. నిలబెడితే పొరల మధ్యే చీలిపోతుంది. చక్రానికీ గోడకీ మధ్య 0.3 మి.మీ. సందు, నడుమ ఒక ఎం3 (3 మి.మీ.) స్క్రూ, వదులు కాకుండా నైలాన్ నట్. ఇప్పుడు వేలితో తిప్పితే ఒక్కో అర దగ్గర టిక్కుమని ఆగుతోంది. ఆ చప్పుడు కోసం పదకొండు బేస్‌లు పాడుచేశాను, ఆ సమయం దండగ అనిపించలేదు.

ఐదో వారం

గవ్వల వీపు.

ఈ వారమంతా దాని చుట్టూనే తిరిగింది. గవ్వల అలల్ని పిలిచే మంత్రగత్తె, రెండో సంచిక నుంచీ ఉంది. డిజిటల్‌గా శిల్పం చెయ్యడానికి ముందు, పక్క, వెనక మూడు వైపులా బొమ్మలు కావాలి. ముందు వైపు దొరికింది, పక్క దొరికింది. వెనక వైపు కోసం 14 సంచికలూ తిరగేశాను. ఎక్కడా లేదు. ఆమె ఎప్పుడూ మనకేసే చూస్తుంది, లేదా నీళ్లలో నడుము దాకా ఉంటుంది. అక్కని అడిగాను.

"ఒరేయ్, నేనెప్పుడూ ఆలోచించలేదురా" అంది.

మర్నాడు సాయంత్రానికి గీసి తెచ్చింది. మెడ దగ్గర్నుంచి నడుము దాకా వెన్నెముక వెంట గవ్వలు, కుట్టినట్టు కాదు, ఒంట్లోంచి మొలిచినట్టు. పైవి మూసుకుని ఉన్నాయి, కిందవి తెరుచుకుని ఉన్నాయి. "వాడిన ప్రతి అలకీ ఒకటి తెరుచుకుంటుంది. అన్నీ తెరుచుకుంటే అయిపోయినట్టే" అంది. ఆమె డయల్ అక్కడికక్కడే తయారైపోయింది. ఎనిమిది గవ్వలు, ఆమె బతికుండే అరలు ఎనిమిది. మంత్రం వాడితే తనంతట తానే ఒక క్లిక్ తిప్పుకోవాలి. 15వ సంచికలో ఆ వీపు మొదటిసారి కనిపించబోతోంది.

కామిక్ గీత బల్ల మీది బొమ్మగా మారేటప్పుడు ఒప్పుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. కాగితం మీద ఈటె ఒక వెంట్రుక. బొమ్మలో అది 1 మి.మీ. కంటే సన్నగా ఉంటే సపోర్టులు (ప్రింట్‌ని నిలబెట్టే తాత్కాలిక పుల్లలు) తీసేటప్పుడే పోతుంది. 32 మి.మీ. స్కేల్లో (మనిషి బొమ్మ సుమారు అంత ఎత్తు) తల, చేతులు కాస్త పెద్దవి చెయ్యాలి, లేదంటే చెయ్యి పొడవు దూరంలో ముఖం కనబడదు. ఎగిరే జుట్టుని భుజానికి ఒకచోట ఆనించాలి. అక్క మొదట గొణిగింది, ప్రింట్ చేతిలోకి తీసుకున్నాక ఒప్పుకుంది.

బొమ్మలు మాత్రం రెజిన్‌లోనే, 0.05 మి.మీ. పొర. ప్రింట్ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రెండు గిన్నెల్లో రెండేసి నిమిషాలు కడగడం, పూర్తిగా ఆరనివ్వడం, ఆ తర్వాతే యూవీ దీపం కింద పెట్టడం. తడి ఉండగానే పెడితే మీద తెల్లటి పొర తేలుతుంది. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి, కిటికీ తెరిచి ఉంచాలి. గట్టిపడని రెజిన్‌ని, కడిగిన ఆల్కహాల్‌ని సింక్‌లో పొయ్యకూడదు. నేను మూత వదులు చేసిన గాజు సీసాలో, పిల్లలకి అందని చోట ఎండకి పెడుతున్నాను. అడుగుకి చేరింది గట్టిపడ్డాక వడగడతాను.

ఎనిమిదో వారం

ఆట నియమం చాలా చిన్నది. రెండు పాచికలు వేసి వచ్చిన మొత్తానికి మీ దాడి అంకె కలపండి. అది ఎదుటివాడి కాపుకి సమానమైనా, మించినా దెబ్బ తగిలినట్టే.

చిక్కంతా ఇక్కడే ఉంది. రెండు పాచికల్లో 36 రకాలుగా పడొచ్చు. 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడే అవకాశం 21 సార్లు, అంటే 58 శాతం. 8 కావాలంటే 15 సార్లు, 42 శాతం. 9 కావాలంటే 10 సార్లు, 28 శాతం. మధ్యలో ఒక్క అంకె కదిపితే దాదాపు పదిహేడు శాతం ఊడిపోతుంది, అదే అంకెని 11 దగ్గర కదిపితే పెద్దగా ఏమీ కాదు. ఈ పట్టిక గోడకి అంటించుకోక ముందు డయల్ అంకెలు కంటికి నచ్చినట్టు రాశాను. వాటిలో సగం చింపి మళ్లీ రాయాల్సి వచ్చింది.

ఇంగలి డయల్ నాకు బాగా నచ్చింది. కామిక్‌లో ఆ పిల్ల తనంతట తాను ఎవరి మీదికీ వెళ్లదు, గాయపడేకొద్దీ మంట పెరుగుతుంది. కాబట్టి మొదటి అరలో దాడి 7, కాపు 16. తొమ్మిదో అరకి వచ్చేసరికి దాడి 11, కాపు 13. ఎదుటివాడికి అదొక టెన్షన్. కొట్టాలా, వదిలేయాలా?

మోదుగ దగ్గర చాలా తంటాలు పడ్డాను. తొమ్మిదో సంచికలో అతను ఎడమ చెయ్యి పోగొట్టుకుంటాడు. ఆ తర్వాత యుద్ధం మానేసి మిగతావాళ్లకి నీడగా నిలబడతాడు. డయల్‌లో ఐదో అర దాకా దాడి 10. ఆరో అరలో ఒక్కసారిగా 6కి పడిపోతుంది, దానికి బదులు పక్క గడుల్లో ఉన్న తనవాళ్లకి కాపు పెరుగుతుంది. మొదట ఒక అంకె పెంచాను. ఆడినవాళ్లు దాన్ని పట్టించుకోనే లేదు, ఆరో అరకి వచ్చిన మోదుగని పనికిరానివాడి కింద వదిలేశారు. రెండు పెంచాక సంగతి మారిపోయింది. 7 పడితే తగిలే దెబ్బకి ఇప్పుడు 9 కావాలి, 58 శాతం కాస్తా 28కి దిగింది. జనం అతని పక్కకి చేరడం మొదలుపెట్టారు.

22 ఆటలు ఆడించాం. మొదట కదిలినవాళ్లు 15 గెలిచారు. అది అన్యాయం. మొదట కదిలేవాళ్లు మొదటి వంతులో తమ బొమ్మల్లో సగాన్నే కదపాలని నియమం పెట్టాం, తేడా తగ్గుతున్నట్టుంది. ఇంకా లెక్క పెడుతున్నాను.

పదో వారం

'సేకరించే ఆట' అనగానే గుడ్డి పెట్టెలు గుర్తొస్తాయి. లోపల ఏ బొమ్మ ఉందో తెలియకుండా కొనడం. మేజ్ నైట్, హీరోక్లిక్స్ అలాగే వచ్చాయి. మేమూ ఆలోచించాం. 18 బొమ్మలూ సమానంగా కలిపి, పెట్టెకి ఒకటి చొప్పున ఇస్తే మొత్తం సెట్ పూర్తవడానికి సగటున 63 పెట్టెలు కావాలి. అరుదైన బొమ్మలు పెడితే ఇంకా ఎక్కువ. నలభై అయిదు నకళ్లు పోగేసుకున్న పిల్లవాడికి ఆట మీద ప్రేమ మిగులుతుందా? అక్క ఒక్క మాటలో తేల్చేసింది: "వద్దురా."

ఆరేసి బొమ్మల మూడు తెరిచిన సెట్లు చేస్తున్నాం. మరి సేకరణ ఎక్కడుందంటే, ఒకే పాత్రకి వేర్వేరు సంచికల డయల్స్ ఉంటాయి. రెండో సంచిక ఇంగలి, 11వ సంచిక ఇంగలి వేరు. బొమ్మ అదే, కింద చక్రం మారుతుంది, స్క్రూ విప్పి మార్చుకోవచ్చు. ప్రతి బేస్ అంచు మీదా సంచిక, పేజీ అంకెలు చెక్కాను. కామిక్ తీసి ఆ పేజీ తిప్పితే అదే భంగిమలో పాత్ర కనిపిస్తుంది. నేను చిన్నప్పుడు ఇలాంటిది దొరికితే దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి.

రంగుల గురించి క్లుప్తంగా. నల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే మొదటి పూత), పైనుంచి మాత్రమే తెల్ల స్ప్రే. కాగితం మీద వెలుగు ఏ వైపు నుంచైనా రావచ్చు, బొమ్మని నాలుగు వైపుల నుంచీ చూస్తారు కాబట్టి వెలుగు పైనుంచే రావాలి. ఆక్రిలిక్ రంగులో దాదాపు అంతే నీళ్లు, పల్చటి రెండు పూతలు. చివర్లో బట్టకీ చర్మానికీ మధ్య ఉన్న గాడిలో సన్న కుంచెతో నల్ల గీత. ఆ గీత పడగానే అది అక్క బొమ్మ అవుతుంది.

పన్నెండో వారం

మోదుగ ఎడమ చెయ్యి ఇప్పుడు ఊడి వస్తుంది. 3 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న అయస్కాంతాలు, భుజంలో ఒకటి, చేతిలో ఒకటి. రంధ్రం 3.2 మి.మీ. పెట్టాను. ఆరో అర కిటికీలోకి రాగానే చెయ్యి తీసి బల్ల మీద పెట్టాలి.

ఆదివారం పక్కింటి అబ్బాయి ఆడాడు. పన్నెండేళ్లవాడు, కామిక్ చదవలేదు. మోదుగకి వరసగా దెబ్బలు పడ్డాయి. టిక్కు, టిక్కు.

"అన్నా, చెయ్యి తీసెయ్యాలా?"

"తియ్యి. కార్డు చదువుకో."

చదివాడు. తీసిన చేతిని బోర్డు బయట పడెయ్యకుండా బొమ్మ పక్కనే జాగ్రత్తగా పెట్టాడు. కాసేపు బోర్డు వైపే చూసి, దూరంగా ఒంటరిగా నిలబడ్డ ఇంగలిని నాలుగు గడులు వెనక్కి తెచ్చి, మోదుగకి ఎడమవైపు, ఆ చెయ్యి లేని పక్కన నిలబెట్టాడు. తొమ్మిదో సంచిక చివరి పేజీలో ఆ పిల్ల నిలబడేది సరిగ్గా అక్కడే. అక్క గుమ్మం దగ్గర నుంచి చూస్తోంది, ఏమీ అనలేదు.

ఆట అయ్యాక వాడికి తొమ్మిదో సంచిక ఇచ్చి పంపాను.

వచ్చే వారం పని: రెండో సెట్‌లో ఆరుగురి వెనక వైపు బొమ్మలు అక్క దగ్గర తీసుకోవాలి. ఇంకో మోదుగ బొమ్మలో ఒక అయస్కాంతం తిరగబడి అతికింది, చెయ్యి అంటుకోకుండా తోసేస్తోంది. ఈసారి జిగురు పెట్టేముందు రెండు ముఖాలకీ మార్కర్‌తో చుక్కలు పెట్టుకోవాలి.