అరుగు మెట్టు మీద 12 వారాలు

పదో తరగతి సెలవుల్లో కుట్టించిన ప్యాంటు దసరాకల్లా చీలమండ పైకి వచ్చేసింది. "తాటిచెట్టులా సాగిపోతున్నాడే" అని నానమ్మ మురిసిపోయేది. ఆ ఏడాది దాదాపు నాలుగంగుళాలు పెరిగాను. తర్వాత వచ్చిన మడమ నొప్పికీ ఆ పెరగడానికీ లంకె ఉందని ఎవరికీ తట్టలేదు.

మాది అమలాపురం దగ్గర పల్లె. నేను 3000 మీటర్లు పరిగెత్తేవాణ్ణి. వానాకాలం గ్రౌండంతా చెరువే కాబట్టి ప్రాక్టీసు కాలవగట్టు మీదే. రెండేళ్ళు ఏ నొప్పీ లేదు. ఒకరోజు మా పీఈటీ సార్ నా షూ తిరగేసి, మడమ దగ్గర అరిగిన అట్ట చూసి, "ఇలా మడమలు కొట్టుకుంటూ పరిగెడితే ఎప్పటికీ నాలుగోవాడివే. కెన్యావాళ్ళని చూడు, మునికాళ్ళ మీద తేలిపోతారు" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. మర్నాడే పల్చటి అట్ట షూ కొనుక్కుని, ఐదు కిలోమీటర్లూ మునికాళ్ళ మీద పరిగెత్తినవాణ్ణి నేనే కదా.

మొదటివారం గాల్లో ఉన్నట్టే ఉంది. పిక్కలు రాళ్ళలా బిగుసుకుంటే బలమొస్తోందనుకున్నాను. ఇసకలో పరిగెడితే కాళ్ళు గట్టిపడతాయని ఎవరో అంటే ఆదివారం ఓడలరేవు బీచికి కూడా వెళ్ళొచ్చాను. మెత్తటి ఇసకలో మడమ కిందికి దిగబడుతుంది, దాని వెనక ఉన్నది ఇంకా సాగుతుంది. ఇది నాకు తర్వాత తెలిసింది.

సోమవారం మంచం దిగి కుడిపాదం మోపితే మడమ వెనక ఎవరో పట్టి లాగినట్టయింది. గోడ పట్టుకుని కుంటుకుంటూ నడిచాను. పది నిమిషాల్లో వదిలేసింది. దాని మోసమే అది. నడిస్తే సర్దుకుంటుంది, పరుగులో ఒళ్ళు వేడెక్కితే మాయమవుతుంది, మర్నాడు పొద్దున్న వడ్డీతో సహా వచ్చి కూర్చుంటుంది. రెండువారాలకి మడమకి రెండంగుళాల పైన చిక్కుడుగింజంత ఉబ్బు తేలింది. బొటనవేలూ చూపుడువేలూ అక్కడ పెట్టి పాదం ఆడిస్తే వేళ్ళ కింద కొత్త తోలుచెప్పులా కిర్రుమనేది. పొద్దున్నే అది తడుముకోవడం అలవాటైపోయింది.

"నరం పట్టేసిందిరా" అని నానమ్మ గోరువెచ్చటి ఆముదం రాసింది. ఆర్‌ఎంపీ గారు నొప్పి బిళ్ళలిచ్చారు. అవి మింగి జోనల్ పోటీలకి వెళ్ళాను, ఐదో రౌండులో ట్రాక్ పక్కన కూర్చుండిపోయాను. మూడువారాలు పూర్తిగా మానేస్తే తగ్గింది. మళ్ళీ మొదలెట్టిన రెండోరోజే వచ్చేసింది. నొప్పి కంటే ఆ రోజే ఎక్కువ ఏడ్చాను.

చివరికి నాన్న కాకినాడలో ఒక ఫిజియోథెరపిస్టు మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ నన్ను వరండాలో పరిగెత్తించి, ఫోన్‌లో వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి చూపించారు. "అది నరం కాదు బాబూ. పిక్క కండని మడమ ఎముకకి కట్టే స్నాయువు, అకిలిస్ టెండన్ అంటారు. పరుగులో దాని మీద ఒంటి బరువుకి ఆరేడు రెట్లు పడుతుంది" అన్నారు. ఇంకోమాట విని ఆశ్చర్యపోయాను. దూరం పరిగెత్తేవాళ్ళలో ఎక్కువమంది మడమ మీదే దిగుతారట, అది తప్పేం కాదట. మడమ మీద దిగితే మోకాలికీ తొడ కండకీ శ్రమ ఎక్కువ. మునికాలి మీద దిగితే మోకాలికి తగ్గి, పిక్కకీ టెండన్‌కీ పెరుగుతుంది.

నాన్న కాసేపు ఆలోచించి, "ఈ బోదె కట్టేస్తే నీళ్ళు ఆ బోదెకి పోయినట్టన్నమాట" అన్నారు.

"ఆయ్, అంతేనండి. ఆ బోదె గట్టు పచ్చిగా ఉందని మీవాడు చూసుకోలేదు."

ఎదిగే వయసులో ఎముక ముందు పొడుగవుతుంది, కండా టెండనూ తర్వాత సర్దుకుంటాయి. కసరత్తుకి కండ వారాల్లో బలపడితే టెండన్‌కి నెలలు కావాలి. నాకంటే చిన్నపిల్లల్లో అయితే టెండన్ అతుక్కునేచోట మడమ ఎముకలోని లేత భాగమే నొప్పెడుతుందట. మా తమ్ముడి స్నేహితుడికి మోకాలి చిప్ప కింద బుడిపె లేచింది, అదీ ఈ కోవదేనని చెప్పారు.

వైద్యమంటే మా ఇంటి అరుగు మెట్టే. అంచు మీద మునికాళ్ళు ఆనించి, రెండు కాళ్ళతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలితో మాత్రమే మెల్లగా మడమ కిందికి దించాలి. మోకాలు తిన్నగా పెట్టి 15 చొప్పున మూడుసార్లు, కాస్త వంచి ఇంకో మూడుసార్లు. పొద్దున్నా సాయంత్రమూ, 12 వారాలు. 1998లో స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళూ ప్రచురించిన పద్ధతి అట అది. కాస్త నొప్పి ఉన్నా చెయ్యొచ్చు, మర్నాటికి పెరిగితే తగ్గించాలి. తేలికైపోయాక స్కూలుబ్యాగులో పుస్తకాలు పెట్టి తగిలించుకున్నాను, తర్వాత ఐదు కిలోల బియ్యం. దారినపోయేవాళ్ళు "ఏంట్రా, ఏం తప్పు చేశావ్?" అని అడిగేవారు. మహా విసుగు పని. ఆరోవారం దాకా ఏమీ తేడా లేదు. మానేద్దామనుకున్న వారమే పొద్దున్న గోడ పట్టుకోకుండా నడిచానని అమ్మ గమనించింది.

వీడియోలో అసలు లోపం వేరేది కనిపించింది. కాలు ఒంటికి మరీ ముందుకి చాచి వేస్తున్నాను. నిమిషానికి 158 అడుగులు పడేవి. వాటిని 166కి పెంచి, అంగ కొంచెం పొట్టి చెయ్యమన్నారు. పాదం ఎలా దిగాలో మర్చిపొమ్మన్నారు. ఫోన్‌లో టిక్ టిక్ పెట్టుకుని ముందు ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. గట్టు కాలవవైపు వాలి ఉంటుంది కాబట్టి వెళ్ళినదారినే తిరిగి రమ్మన్నారు, రెండు కాళ్ళకీ వంతు వస్తుందని.

ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది. మళ్ళీ ఐదు కిలోమీటర్లూ పరిగెడుతున్నాను, మడమ మీదే దిగుతూ. మొదలెట్టేముందు గట్టు మీద కుడికాలితో పదిసార్లు గెంతి చూసుకుంటాను, నొప్పి లేకపోతేనే పరుగు. బాతులు తోలుకొచ్చే తాత రోజూ ఆగి చూస్తాడు. మొన్న ఉండబట్టలేక అడిగేశాడు: "ముల్లేమైనా గుచ్చుకుందేంట్రా, అబ్బాయ్?"