బెల్‌ఫాస్ట్‌లో వేసవి బడి

ఐర్లండ్ చరిత్ర చదవాలంటే డబ్లిన్‌కు వెళ్లాలి గాని బెల్‌ఫాస్ట్‌కు ఎందుకని మా కళాశాలలో తోటి అధ్యాపకులు అడిగారు. భారతదేశ విభజన గురించి ఏటా పాఠం చెప్పే నాకు, మనకన్నా పాతికేళ్లు ముందే అదే బ్రిటిష్ ప్రభుత్వం చేతిలో రెండు ముక్కలైన దేశాన్ని, ఆ ముక్కల్లో చిన్నదానిలో నిలబడి చూడాలని ఎప్పటినుంచో ఉండేది. 1920లో లండన్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం అల్‌స్టర్‌లోని తొమ్మిది కౌంటీల్లో ఆరింటిని విడదీసి 1921 మే నెలలో ఉత్తర ఐర్లండ్‌ను ఏర్పరిచారు. మిగిలిన ఇరవై ఆరు కౌంటీలు మరుసటి ఏడాది ఐరిష్ ఫ్రీ స్టేట్ అయ్యాయి. ఆ ఆరు కౌంటీలకు రాజధాని బెల్‌ఫాస్ట్. అక్కడి క్వీన్స్ యూనివర్సిటీలో ఐరిష్ అధ్యయనాల వేసవి పాఠశాలకు దరఖాస్తు పెట్టుకున్నాను, సీటు వచ్చింది.

మనవాళ్లు ఎవరైనా అటు వెళ్లదలిస్తే వీసా సంగతి ముందుగా చూసుకోవాలి. బెల్‌ఫాస్ట్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఉంది, డబ్లిన్ మరో దేశం. ఒకే వీసాతో రెండుచోట్లా తిరిగే ఏర్పాటు భారతీయులకు ఉంది గాని, వీసా మీద ఆ గుర్తు పడి ఉండాలి, ఏ దేశం వీసా ఇచ్చిందో ముందు ఆ దేశంలోనే దిగాలి. అందుకని నేను లండన్ మీదుగా బెల్‌ఫాస్ట్ చేరి, డబ్లిన్‌ను చివరికి మిగుల్చుకున్నాను.

క్వీన్స్ ప్రధాన భవనం ఎర్ర ఇటుకల కట్టడం. 1849లో తరగతులు మొదలైన నాటిది. కవి సీమస్ హీనీ చదువుకున్నదీ, తరువాత పాఠాలు చెప్పినదీ ఇక్కడే. ఉదయం పూట చరిత్ర, రాజకీయాలు, సాహిత్యం, పురావస్తు శాస్త్రాల మీద ఉపన్యాసాలు, మధ్యాహ్నం చిన్న బృందాలుగా చర్చలు, మధ్యమధ్య క్షేత్ర పర్యటనలు. రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది కనుక చదువుకున్నంత చదువుకోవచ్చు, కాకపోతే జులైలో కూడా స్వెట్టర్ విప్పే ధైర్యం నాకు కలగలేదు. తోటి విద్యార్థుల్లో అమెరికన్లే ఎక్కువ, వాళ్లలో చాలామంది ముత్తాతలు ఈ దీవి నుంచి వలస పోయినవారు. వాళ్లు తమ వంశం మూలాలు వెతుక్కుంటూ వచ్చారు. ఐర్లండ్‌తో ఏ చుట్టరికమూ లేకుండా ఇంత దూరం ఎందుకు వచ్చారని నన్ను అడిగిన ప్రతివారికీ విభజన సంగతే చెప్పవలసి వచ్చింది.

మొదటి వారంలో అయ్యవారు మా చేతికి రెండు పత్రాలు ఇచ్చారు. ఒకటి 1912 సెప్టెంబరు 28న బెల్‌ఫాస్ట్ నగర సభా భవనంలో, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టుల (వీళ్లలో ఎక్కువమంది ప్రొటెస్టంట్లు) నాయకుడు ఎడ్వర్డ్ కార్సన్ మొట్టమొదట సంతకం చేసిన అల్‌స్టర్ ఒడంబడిక. ఐర్లండ్‌కు స్వపరిపాలన ఇవ్వబోతే అవసరమైన అన్ని మార్గాల్లోనూ అడ్డుకుంటామన్న ప్రతిజ్ఞ అది. పురుషులు దానికీ, స్త్రీలు దానికి జతగా రాసిన ప్రకటనకూ, అంతా కలిసి 4,70,000 మందికి పైగా సంతకాలు పెట్టారు. రెండోది 1916 ఏప్రిల్ 24న డబ్లిన్ జనరల్ పోస్టాఫీసు ముందు పాట్రిక్ పియర్స్ చదివి ఈస్టర్ తిరుగుబాటు మొదలుపెట్టిన గణతంత్ర ప్రకటన. పరస్పరం శత్రువులైన ఈ రెండు పక్షాలూ దేవుణ్ణే సాక్షిగా పిలిచాయి, రెండూ ఆయుధం పట్టడానికి సిద్ధపడ్డాయి. ఆయుధాల కథ ఇంకా చిత్రమైనది. 1914 ఏప్రిల్‌లో యూనియనిస్టులు దాదాపు పాతిక వేల తుపాకులను లార్న్ రేవులో దొంగతనంగా దింపుకున్నారు. జులైలో, ఐర్లండ్‌కు స్వపరిపాలన కోరే నేషనలిస్టులు (ఎక్కువగా కాథలిక్కులు) హౌత్ రేవులో సుమారు 900 దింపుకున్నారు. ఇద్దరూ కొన్నది జర్మనీలోనే! సామ్రాజ్యానికి విధేయులమని చెప్పుకునేవారే ముందుగా సామ్రాజ్య పార్లమెంటు మాటను ధిక్కరించడానికి తుపాకులు తెచ్చుకున్నారన్న విషయాన్ని మన పాఠ్యపుస్తకాలు ఎక్కడా చెప్పవు. వాటిలో ఐర్లండ్ అంటే 1916 నాటి ఆ ఈస్టర్ తిరుగుబాటు ఒక్కటే.

కరువు గురించిన ఉపన్యాసంలో నాకు పరిచయమైన పేరొకటి వినిపించింది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టి మొదలైన ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతమంది ఓడలెక్కి వెళ్లిపోయారు. 1841లో 82 లక్షలున్న జనాభా పదేళ్లలో 65 లక్షలకు పడిపోయింది. ఆ రోజుల్లో లండన్ ఖజానా శాఖలో కూర్చుని, సహాయం ఎక్కువైతే జనం సోమరులవుతారన్న సిద్ధాంతంతో ఖర్చు బిగబట్టిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ఈయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ఆయన మద్రాసు వదిలి వెళ్లిన చాలా ఏళ్లకు గాని మనకు ధాత కరువు రాలేదు కాబట్టి ఆ పాపం ఆయనది కాదు. అయితే 1876లో మద్రాసు రాజధానిలో పనికి ఆహారం లెక్కలు కట్టిన దొరల తలలో ఉన్నదీ అదే సిద్ధాంతమని ఆ తరగతిలో కూర్చున్నప్పుడు స్పష్టమైంది.

సాహిత్యం తరగతిలో మాత్రం నేను చెప్పవలసినది కొంత ఉంది. ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనం గురించి చెబుతూ జేమ్స్ కజిన్స్ పేరు ఒక వాక్యంలో దాటేశారు. 1873లో ఈ బెల్‌ఫాస్ట్‌లోనే పుట్టిన ఈ కవి, మహిళల ఓటు హక్కు కోసం జైలుకు వెళ్లిన ఆయన భార్య మార్గరెట్, 1915లో అనీబిసెంట్ పిలుపు మీద మద్రాసు వచ్చి, తరువాత మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలో ఏళ్ల తరబడి గడిపారనీ, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బస చేసినప్పుడు జనగణమన బాణీకి స్వరలిపి కట్టింది మార్గరెట్ అనీ చెబితే గదిలో ఎవరికీ తెలియదు. మదనపల్లె ఎక్కడుందో బోర్డు మీద పటం గీసి చూపించవలసి వచ్చింది.

బెల్‌ఫాస్ట్‌లో పశ్చిమాన ఫాల్స్ రోడ్ కాథలిక్కులది, షాంకిల్ రోడ్ ప్రొటెస్టంట్లది. రెండింటి మధ్య నడక దూరమే. మధ్యలో కూపర్ వే వెంట గోడ: అడుగున కాంక్రీటు, దానిమీద రేకులు, ఆపైన తీగవల. షాంకిల్ వైపు నుంచి చూస్తే పర్యాటకులు మార్కర్లతో రాసిపోయిన పేర్లు, శాంతి సందేశాలు ఒకదానిమీద ఒకటి కిక్కిరిసి ఉంటాయి. మాతో వచ్చిన వాళ్లలో కొందరు కూడా రాశారు. నాకు చేయి రాలేదు. అక్కడినుంచి చుట్టు తిరిగి అవతలి వైపుకు వెళితే బాంబే స్ట్రీట్ వస్తుంది. పక్కనే కాశ్మీర్ రోడ్. సామ్రాజ్యం గెలిచిన ఊళ్ల పేర్లన్నీ ఈ కార్మికుల వాడలకు పెట్టారు. 1969 ఆగస్టు 15న ఒక గుంపు వచ్చి ఈ బాంబే స్ట్రీట్ ఇళ్లను తగలబెట్టింది. తరువాత కట్టిన ఇళ్లు ఇప్పుడు గోడకు వీపు ఆనించినట్టు ఉన్నాయి. వాటి పెరళ్లను చూశాను. అవతలి నుంచి రాళ్లు, సీసాలు వచ్చి పడకుండా ఇంటి చూరు దగ్గరనుంచి పెరటి చివరిదాకా ఇనుప వల కప్పి ఉంది. ఆ పంజరం కింద ఒకావిడ మామూలుగా బట్టలు ఆరేసుకుంటోంది, పిల్లల సైకిలు ఒకటి గోడకు ఆనించి ఉంది.

బ్రిటిష్ సైన్యం మొదట ఇక్కడ ముళ్లకంచె వేసినప్పుడు ఇది కొద్దికాలమేనని అప్పటి సేనాధిపతి ఇయన్ ఫ్రీలాండ్ హామీ ఇచ్చాడు. బెర్లిన్ గోడ 28 ఏళ్లు నిలిచింది. ఈ గోడ దానికన్నా చాలా ఎక్కువ కాలం నుంచి ఉంది. రెండు వర్గాల మధ్య ఏళ్ల తరబడి సాగిన సంఘర్షణను ముగించిన 1998 శాంతి ఒప్పందం తరువాత కూడా కొన్ని గోడలను ఎత్తు పెంచారు. 2023 నాటికి అన్నింటినీ తీసేస్తామని 2013లో ప్రభుత్వం ప్రకటించింది, ఆ గడువు దాటిపోయింది. ఎందుకు తీయలేదని మాకు దారి చూపించినాయనను అడిగితే, గోడ పక్కన ఉండేవాళ్లే వద్దంటున్నారని చెప్పాడు. ఆయన మాట నిజమే అయి ఉంటుంది. వలకింద బట్టలు ఆరేసుకునే మనిషికి వల తీసేయమని చెప్పే అధికారం బయటివాళ్లకు ఎక్కడిది?

జులై 12 కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. 1690 బాయిన్ యుద్ధంలో ప్రొటెస్టంటు రాజు విలియం కాథలిక్కు రాజు జేమ్స్‌ను ఓడించిన దానికి గుర్తుగా ఆరెంజ్ ఆర్డర్ అనే ప్రొటెస్టంటు సంఘం వారు ఊరేగింపులు తీస్తారు. ముందు రాత్రి చెక్క పలకలను అంతస్తుల ఎత్తున పేర్చి మంటలు వేస్తారు. కొన్నిటి మీద ఐరిష్ త్రివర్ణ పతాకాన్ని పెట్టి తగలబెడతారు. ఊరేగింపు చూశాను. నారింజరంగు పట్టీలు మెడలో వేసుకున్న పెద్దమనుషులు, పిల్లనగ్రోవి బృందాలు, రోడ్డు పక్కన మడతకుర్చీల్లో కుటుంబాలు. పండగ వాతావరణమే గాని కొందరికే పండగ.

ఆర్మా పట్టణంలో సెయింట్ పాట్రిక్ పేరుతోనే రెండు పెద్ద చర్చిలు ఎదురెదురు గుట్టల మీద ఉన్నాయి, ఒకటి కాథలిక్కులది, మరొకటి చర్చ్ ఆఫ్ ఐర్లండ్ వారిది. ఆ ఊరి పక్కనే నావన్ కోట: పురాణ కథల్లో అల్‌స్టర్ రాజుల రాజధాని. అక్కడి వీరుడు కుహులిన్ విగ్రహం డబ్లిన్ పోస్టాఫీసులో 1916 అమరుల స్మారకంగా నిలబడి ఉంది. ఉత్తరాన ప్రొటెస్టంటు సాయుధ దళాల వాళ్లు అదే వీరుణ్ణి అల్‌స్టర్ రక్షకుడని తమ గోడల మీద వేసుకున్నారు.

డెర్రీ ప్రయాణం నాకు బరువుగా అనిపించింది. 1619 నాటికి పూర్తయిన కోటగోడ మీద నడుస్తుంటే ఊరు పైన ఉన్నవాళ్లదీ కింద ఉన్నవాళ్లదీ అని వేరే చెప్పనక్కర్లేదు. కింద కనబడే బాగ్‌సైడ్ కాథలిక్కుల వాడ. 1972 జనవరి 30న పౌరహక్కుల ఊరేగింపు మీద సైనికులు కాల్పులు జరిపి ఆ రోజే 13 మందిని చంపారు, గాయపడిన మరొకరు తరువాత పోయారు. అదే ఏడాది వచ్చిన మొదటి విచారణ సైన్యాన్ని వెనకేసుకొచ్చింది. 1998లో వేసిన సవిల్ కమిషన్ పన్నెండేళ్లు, దాదాపు 20 కోట్ల పౌండ్లు ఖర్చు చేసి, చనిపోయినవారిలో ఎవరివల్లా సైనికులకు ప్రాణాపాయం లేదని 2010 జూన్ 15న తేల్చింది. ప్రధాని కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ప్రతి నిజానికీ ఇంత ఖర్చు పెట్టగలరా అని ఒక విద్యార్థి అడిగితే, మొత్తం 3,500 మందికి పైగా చనిపోయిన సంఘర్షణలో అత్యధిక కుటుంబాలకు అసలు విచారణే దక్కలేదని అయ్యవారు జవాబిచ్చారు.

చివరి వారమంతా ఉత్తర ఐర్లండ్ శాసనసభ ఉన్న స్టార్మాంట్ మీద సాగింది. కొండమీది ఆ తెల్లని భవనం ముందు కార్సన్ విగ్రహం చెయ్యెత్తి నిలబడి ఉంటుంది. లోపల 90 మంది సభ్యుల అసెంబ్లీ. గెలిచిన ప్రతివారూ సంతకం పెట్టేటప్పుడే తాము యూనియనిస్టులమో, నేషనలిస్టులమో, ఇతరులమో రాసుకోవాలి. కీలకమైన విషయాల్లో మొత్తం మెజారిటీ చాలదు, రెండు వర్గాల్లోనూ విడివిడిగా మద్దతు ఉండాలి. ఆ విడి లెక్కలో ‘ఇతరుల’ ఓటుకు చోటు లేదు. 2001లో యూనియనిస్టు నాయకుడు డేవిడ్ ట్రింబుల్‌ను మళ్లీ ఫస్ట్ మినిస్టరుగా (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) ఎన్నుకోవడానికి యూనియనిస్టు ఓట్లు చాలకపోతే, ఏ వర్గానికీ చెందమని చెప్పే అలయన్స్ పార్టీ సభ్యులు ముగ్గురు తాత్కాలికంగా యూనియనిస్టులమని రాసుకుని గట్టెక్కించారు. ఫస్ట్ మినిస్టరు, డిప్యూటీ ఫస్ట్ మినిస్టరు ఇద్దరికీ అధికారం సమానం. ఒకరు రాజీనామా చేస్తే రెండోవారి పదవీ పోతుంది. ఆ దారినే 2017 నుంచి మూడేళ్లు ఒకసారి, 2022 నుంచి రెండేళ్లు మరోసారి ప్రభుత్వం లేకుండా పోయింది. 2024 ఫిబ్రవరిలో మిషెల్ ఓనీల్ ఫస్ట్ మినిస్టరు అయ్యారు, ఆ పదవికి వచ్చిన మొదటి నేషనలిస్టు ఆమే.

చర్చలో నా వంతు వచ్చినప్పుడు, 1909 మింటో-మార్లే సంస్కరణల్లో ముస్లింలకు ఇచ్చిన ప్రత్యేక నియోజకవర్గాలు మా దేశాన్ని ఎక్కడికి తీసుకెళ్లాయో చెప్పి, ఈ ఏర్పాటుకు మూలమైన 1998 ఒప్పందం హత్యలను ఆపింది గాని కూపర్ వే గోడను తీసుకెళ్లి శాసనసభలో కట్టిందని వాదించాను. అయ్యవారు అంత తేలికగా వదలలేదు. 1921 నుంచి 1972 దాకా ఇక్కడ నడిచినది మెజారిటీ పాలనే, యాభై ఏళ్లూ ఒకే పార్టీ. స్థానిక ఎన్నికల్లో ఇల్లూ పన్నూ ఉన్నవారికే ఓటు, కాథలిక్కులు ఎక్కువగా ఉన్న డెర్రీలో కూడా వార్డుల గీతలు మార్చి యూనియనిస్టులే పాలించారు. మెజారిటీని నమ్మమని ఆ జనానికి ఎవరు చెప్పగలరు అన్నారు. లెబనాన్ నుంచి వచ్చిన విద్యార్థిని అందుకుని, మా దేశంలో 1943లో తాత్కాలికమనుకున్న మతాలవారీ పంపకం ఇప్పటికీ కదలలేదని గుర్తుచేసింది. ఆరంభానికి ఈ ఏర్పాటు తప్పనిసరి అని ఒప్పుకున్నాను. కాని 2022 ఎన్నికల్లో 17 స్థానాలతో మూడో పెద్ద పార్టీగా వచ్చిన అలయన్స్ ఓటుకు మిగతావారి ఓటుతో సమానమైన విలువ లేకపోవడాన్ని నేను ఇప్పటికీ సమర్థించలేను.

బడి ముగిశాక బస్సులో డబ్లిన్ వెళ్లాను. సరిహద్దు ఎక్కడ దాటామో తెలియదు. దూరం బోర్డులు మైళ్ల నుంచి కిలోమీటర్లకు మారినప్పుడు అవతలికి వచ్చామని అర్థమవుతుంది. బ్రెగ్జిట్ బేరాలు ఏళ్ల తరబడి సాగింది ఈ కనిపించకపోవడాన్ని కాపాడడానికే.

డబ్లిన్‌లో నాకు రెండు పనులు. ఎర్ల్స్‌ఫోర్ట్ టెర్రస్‌లో ఇప్పుడు సంగీత సభా భవనంగా ఉన్నచోట ఒకప్పుడు యూనివర్సిటీ కాలేజీ ఉండేది. బరంపురం నుంచి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి వచ్చిన వరాహగిరి వెంకటగిరి చేరింది ఆ కాలేజీలోనే. ఆ ఏడాదే డబ్లిన్ యజమానులు యూనియన్ కార్మికులను వేల సంఖ్యలో పనుల్లోంచి వెళ్లగొట్టారు. కార్మికుల పక్షాన నిలిచిన నాయకుల్లో జేమ్స్ కానొలీ ఒకడు. రెండోది కిల్మైన్‌హామ్ జైలు. ఈస్టర్ తిరుగుబాటులో కాలికి దెబ్బ తగిలి నిలబడలేని కానొలీని 1916 మే 12న కుర్చీలో కూర్చోబెట్టి కాల్చిన చోట, మిగతావారికి దూరంగా, గేటు దగ్గర, చిన్న శిలువ ఉంది. తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయని అనుమానించిన ప్రభుత్వం గిరిని ఆ ఏడాదే ఐర్లండ్ వదిలిపొమ్మంది. తిరిగివచ్చి ఆయన పట్టుకున్నది రైల్వే కార్మికుల సంఘాలను. బాంబే స్ట్రీట్ తగలబడిన మర్నాడు, 1969 ఆగస్టు 16న, మన దేశంలో రాష్ట్రపతి ఎన్నికకు పోలింగ్ జరిగింది, గెలిచింది గిరి.