కుంగిన మూల

కొండదారిలో మూడో రోజు ఉదయం లేచేసరికి, రాత్రి బల్ల మీద వదిలేసిన పెన్ను దొర్లి మోటార్‌హోమ్ వెనుక ఎడమ మూలకు చేరింది. దిగి చూస్తే, చక్రానికీ దాని పైకప్పుకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండవలసిన చోట ఒక వేలు కూడా దూరలేదు. ఇంజిన్ నడిపితే బండి పది నిమిషాల్లో సమంగా లేచింది; మర్నాటికి అదే మూల మళ్లీ కుంగింది.

ఆ మూలలో బండి బరువు మోసే రబ్బరు గాలి తిత్తికే, అంటే ఎయిర్ బ్యాగుకే, చిల్లి పడిందని తీర్మానించేసుకున్నాను. రబ్బరును ముందుగా అనుమానించడం నాకు అలవాటైన తొందరపాటు. నిజానికి ఆధారం గాలి ట్యాంకు ఒత్తిడి చూపే గేజిలోనే ఉంది. రాత్రి 120 పి.ఎస్.ఐ. దగ్గరున్న ముల్లు ఉదయానికి 70కి దిగి, అక్కడే నిలిచిపోయింది. మూల కుంగబోయినప్పుడల్లా ఎత్తును సరిచేసే వాల్వు ట్యాంకు నుంచి గాలి పోస్తూ వచ్చింది. చివరికి బ్రేకుల గాలిని కాపాడే వాల్వు మూసుకోవడంతో ఆ సరఫరా ఆగింది. మిగతా మూలలు నిలిచే ఉన్నాయి కనుక, లీకు ఈ మూల వాల్వు దగ్గరో దాని తర్వాతో ఉండాలి.

గాలి ఒక్కసారిగా పోతే బండి క్షణాల్లో కిందికి దిగుతుంది కాబట్టి, హైడ్రాలిక్ జాకీలను మాత్రమే నమ్మకుండా చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డుకట్టలు వేశాకే కిందికి దూరాను. నా భార్య పైనుంచి టార్చి పట్టుకుంది. సబ్బునీళ్లు పూస్తే బ్యాగు మడతల్లో ఒక్క బుడగ కూడా రాలేదు. వాల్వులోకి నైలాన్ గొట్టం దూరే జాయింటు చుట్టూ మాత్రం ఆవగింజలంత బుడగలు వరుసగా పుట్టి, పెద్దవై, పగిలిపోతున్నాయి.

ట్యాంకునూ బ్యాగునూ ఖాళీ చేసి, జాయింటు అంచును నొక్కిపట్టి గొట్టాన్ని లాగాను. దాని కొన ఏటవాలుగా తెగి ఉంది. పక్కన సన్నటి నిలువు గీత పడింది. ఆ గీత వెంటే గాలి లోపలి రబ్బరు రింగును దాటుకుని పోయింది. గీత పడిన భాగాన్ని పదునైన బ్లేడుతో అడ్డంగా, సమంగా కోసేసి, గొట్టాన్ని అంగుళం లోతున తగిలేదాకా నెట్టాను.

మర్నాడు ముల్లు 115 దగ్గర ఉంది. ట్యాంకు ఖాళీ చేసినప్పుడు నీళ్లతోపాటు నూనె జిడ్డు కూడా వచ్చింది. గాలిలోని తేమను తీసే ఎయిర్ డ్రయ్యర్ సంగతి ఘాటు దిగాక చూడాలి.