నాది ఏ రకం బుర్రో కొలిచి చూసుకున్నా: నా అనుభవం

గ్రూప్-2కు చదివేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఈ మాట రాకుండా ఉండదు: "నాకు వింటే ఎక్కుతుంది", "నాకు రాస్తే గానీ ఎక్కదు", "నాది ఫొటో బుర్ర, పేజీ అలాగే కనపడుతుంది". నాది వినికిడి రకం అనుకునేవాణ్ని. అది నిజమో కాదో తేల్చుకోవడానికి ఆరు వారాలు పట్టింది. ఖర్చు దాదాపు లేదు. ఒక నోటుబుక్కు, ఫోను, కడపలో బ్రౌన్ గ్రంథాలయంలోనో ఇంట్లోనో ఒక బల్ల, ఓపికగా బిట్లు తయారుచేసిపెట్టే ఒక స్నేహితుడు ఉంటే చాలు.

మొదట పట్టుకున్నది ఎవరికి ఎలా నేర్చుకోవడం ఇష్టమో అడిగే వార్క్ (VARK) ప్రశ్నావళి. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ తయారుచేసింది. కాలీన్ మిల్స్‌తో కలిసి 1992లో దీని గురించి వ్యాసం రాశాడు. 16 ప్రశ్నలుంటాయి. కొత్త వస్తువు వాడటం నేర్చుకోవాలంటే బొమ్మ చూస్తావా, ఎవరైనా చెబితే వింటావా, కాగితం చదువుకుంటావా, చేత్తో పట్టుకుని చూస్తావా, ఇలాంటివి. ఒక ప్రశ్నకు రెండు మూడు జవాబులు గుర్తు పెట్టినా తప్పు లేదు. చివర్లో చూపు, వినికిడి, చదువు-రాత, చేత అని నాలుగు లెక్కలు వస్తాయి. నాకు వినికిడి ముందుంది. చాలామంది ఇక్కడే ఆగి, ఫోను నిండా క్లాసుల రికార్డింగులు నింపుకుంటారు.

కానీ ఆ కాగితం అడిగింది ఏది ఇష్టం అని మాత్రమే. ఏది నిలుస్తుందని అడగలేదు. తలకాయ కూర ఇష్టం అనడం వేరు, రాత్రికి అది అరిగిందా లేదా అనేది వేరు.

ఈ తేడాను గట్టిగా పట్టుకున్నవాళ్లు పాష్లర్, మెక్‌డానియల్, రోరర్, బ్యోర్క్ అనే నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు. 2008లో వాళ్లు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. వాళ్లు పెట్టిన షరతు సూటిగా ఉంటుంది. ముందు మనుషుల్ని రకాలుగా విడదీయాలి. ఒక్కో రకంలో సగం మందికి ఒక పద్ధతిలో, సగం మందికి ఇంకో పద్ధతిలో చెప్పాలి. ఎవరికి ఏ పద్ధతి అనేది చీటీలు వేసినట్టు పడాలి. అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. వినేవాళ్లకు వింటేనే, చూసేవాళ్లకు చూస్తేనే మార్కులు ఎక్కువ వస్తే అప్పుడు ఒప్పుకుంటాం అన్నారు. ఆ షరతుకు నిలబడ్డ పరిశోధనలు చాలా తక్కువ. నిలబడ్డవాటిలోనూ కొన్నింట్లో దానికి పూర్తిగా ఎదురుగానే తేలింది. బడుల్లో, కోచింగుల్లో మాత్రం ఒక్కో బుర్రకు ఒక్కో పద్ధతి అనే మాట ఇంకా చెలామణి అవుతూనే ఉంది.

సరే, అందరి లెక్క అది. నా లెక్క ఏంటో చూసుకోవాలి కదా. అందుకే కొలత పెట్టుకున్నా.

నాలుగు సబ్జెక్టులు తీసుకున్నా: చరిత్ర, రాజ్యాంగం, భూగోళం, ఆర్థికం. ఒక్కోదాంట్లో నాలుగు పాఠాలు, మొత్తం 16. ఒక్కో పాఠం నాలుగు పేజీలకు మించకూడదు, అదివరకు చదివినదై ఉండకూడదు. పద్ధతులూ నాలుగే, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకటి, రికార్డింగు రెండుసార్లు వినడం. రెండు, హైలైటర్ పట్టుకుని రెండుసార్లు చదవడం. మూడు, ఒకసారి చదివి పటమో చార్టో గీయడం. నాలుగు, 15 నిమిషాలు చదివి, పుస్తకం మూసేసి, గుర్తున్నదంతా 15 నిమిషాలు కాగితం మీద పెట్టి, మిగతా 10 నిమిషాల్లో పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోవడం. వారానికి నాలుగు పాఠాలు, ఒక్కోటి ఒక్కో పద్ధతిలో. నాలుగు వారాల్లో ప్రతి సబ్జెక్టూ ప్రతి పద్ధతి కిందా ఒకసారి రావాలి. ఇలా తిప్పకపోతే సులువైన పాఠం ఏ పద్ధతికి పడితే అదే గెలుస్తుంది. మనం ఆ గొప్పంతా పద్ధతిదే అనుకుంటాం.

ఒక్కో పాఠానికి 20 బిట్లు. బేసి సంఖ్యవి చదివిన పది నిమిషాలకు, సరి సంఖ్యవి సరిగ్గా ఏడు రోజులకు. ఒకే బిట్లు రెండుసార్లు వాడకూడదు. ఎందుకంటే పరీక్ష రాయడమే ఒక చదువు. మొదటిరోజు రాసిన బిట్టు వారానికి గుర్తొస్తే, అది పాఠం వల్లో పరీక్ష వల్లో చెప్పలేం.

మొదటి వారం మొత్తం చెత్తబుట్ట పాలైంది. బిట్లు నేనే తయారుచేసుకున్నా. తయారుచేస్తూ చదివినదే అసలు చదువు అయిపోయింది. అన్నింటికీ పదికి తొమ్మిది. అప్పుడే స్నేహితుడి అవసరం తెలిసొచ్చింది. రికార్డింగు కూడా అతని గొంతుతోనే ఉండాలి. మనమే చదివి రికార్డు చేస్తే చదివినట్టే అవుతుంది. యూట్యూబ్ క్లాసు పెట్టుకుంటే పాఠమే మారిపోతుంది. జవాబులు దిద్దేదీ అతనే. మనం దిద్దుకుంటే "ఇది నాకు తెలుసులే, నోట్లోనే నానుతోంది" అని సగం మార్కు వేసుకుంటాం. ఆప్షన్లు ఇవ్వకుండా జవాబు రాయించుకోవడం ఇంకా నయం. నాలుగు ఆప్షన్లు కళ్ల ముందుంటే గుర్తుపట్టడం అవుతుంది గానీ గుర్తు తెచ్చుకోవడం కాదు.

ఇంకొకటి. పరీక్షకు ముందు, పదికి ఎన్ని వస్తాయో మన అంచనా రాసిపెట్టాలి. ఆ గడిని చిన్నచూపు చూడొద్దు.

ఒక్కో పద్ధతికి నలభై బిట్ల చొప్పున తేలిన లెక్క ఇది. పది నిమిషాలకు పెట్టిన పరీక్షలో వినడం 33, చదవడం 31, మూసేసి రాయడం 30, గీయడం 29. నా ఇష్టమే గెలిచింది. వారానికి చూస్తే మూసేసి రాయడం 27, గీయడం 21, చదవడం 18, వినడం 17. ఇది ఒక్క మనిషి లెక్క. రెండు మూడు మార్కుల తేడాను పట్టించుకోకూడదు, నిద్ర తక్కువైనా అంత తేడా వస్తుంది. 27కూ 17కూ మధ్య ఉన్నదాన్ని మాత్రం కొట్టిపారేయలేం.

ఇది నా ఒక్కడికే జరిగిన వింత కూడా కాదు. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో కాలేజీ పిల్లల మీద ఇలాంటిదే చేశారు. కొందరు పాఠం మళ్లీ చదివారు, కొందరు చూడకుండా రాశారు. ఐదు నిమిషాలకు పెట్టిన పరీక్షలో మళ్లీ చదివినవాళ్లకు 81 శాతం, రాసినవాళ్లకు 75. వారానికి పెడితే తిరగబడింది: 42, 56. ఏ పూటకాపూట చూసుకుంటే తేలికైన పద్ధతే బాగుందనిపిస్తుంది, మోసమంతా అక్కడే. నా అంచనాల గడి కూడా అదే చెప్పింది. విన్న పాఠాలకు పదికి ఎనిమిది, తొమ్మిది వేసుకున్నా. మూసేసి రాసినవాటికి ఐదు, ఆరే. రాసేటప్పుడు తడబడతాం కాబట్టి రాలేదనుకుంటాం. వింటుంటే ఎక్కడా తట్టుకోం కాబట్టి అంతా వచ్చేసిందనుకుంటాం.

గీయడానికి వచ్చిన 21ని విడదీస్తే అసలు సంగతి బయటపడింది. భూగోళంలో పదికి తొమ్మిది. మిగతా మూడింట్లో నాలుగేసి. ఆ భూగోళం పాఠం పెన్నా నది. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారుతుంది. ఎడమ వైపు జయమంగళి, కుందూ, సగిలేరు. కుడి వైపు చిత్రావతి, పాపఘ్ని, చెయ్యేరు. ఈ ఆరు పేర్లను వరసగా ఎన్నిసార్లు విన్నా ఎడమేదో కుడేదో కలిసిపోతుంది. తెల్లకాగితం మీద ఒక గీత గీసి, నంద్యాల వైపు నుంచి కుందూను, బద్వేలు వైపు నుంచి సగిలేరును పైనుంచి దించి, పుట్టపర్తి వైపు నుంచి చిత్రావతిని, వేంపల్లె వైపు నుంచి పాపఘ్నిని, రాజంపేట వైపు నుంచి చెయ్యేరును కిందనుంచి కలిపితే ఇక పోదు. ఒక చిన్న ఇరకాటం ఉంది. ఎడమ, కుడి అనేవి నది పారే దిక్కుకు ముఖం పెట్టి చూస్తే వచ్చేవి. పెన్నా తూర్పుకు పోతుంది కాబట్టి ఉత్తరం నుంచి వచ్చేవి ఎడమ. పటంలో బాణం గుర్తు వేయకపోతే పరీక్షలో తారుమారవుతుంది.

అదే చార్టు పద్ధతిని ప్రాథమిక హక్కుల మీద పెడితే రంగులు మిగిలాయి, అధికరణలు మిగల్లేదు. 12 నుంచి 35 దాకా గడులు గీసి పెన్సిళ్లు చెక్కుకుంటూ కూర్చోవడంలోనే అరగంట పోయింది. 17 అంటరానితనం నిషేధం, 21 జీవించే హక్కు అనేవాటికి ఆకారం ఎక్కడుంది గీయడానికి? వాటికి ప్రశ్న వేసి జవాబు లాగడమే దారి. ఇక వినికిడి పనికిరాదా అంటే, తెలుగు ఛందస్సు చూడండి. య-మా-తా-రా-జ-భా-న-స-ల-గం. నోటితో అంటుంటే గణాలన్నీ అందులోనే దొరుకుతాయి. యమాతా అంటే లఘువు, గురువు, గురువు, అదే యగణం. భానస అంటే గురువు, లఘువు, లఘువు, అదే భగణం. దీన్ని కంటితో చదివి నేర్చుకోబోయేవాడు కష్టాలు పడతాడు. ఎక్కాలూ అంతే. గొర్రు పట్టి బుడ్డల (వేరుశనగ) ఇత్తనం వేయడం వీడియో చూసి రాదు, సాళ్లు వంకర పోయిన నాలుగు రోజుల తర్వాతే వస్తుంది. అంటే పద్ధతిని ఎంచుకోవాల్సింది పాఠాన్ని బట్టి. చోటు చెప్పే పాఠానికి గీత, నాదం ఉన్నదానికి నోరు, చేతిపనికి చెయ్యి. ఇవన్నీ చేశాక ఏదైనా సరే, పుస్తకం మూసి బయటికి లాగాల్సిందే.

మరి మనిషికీ మనిషికీ తేడాయే లేదా? ఉంది, వార్క్ అడగని చోట ఉంది. నేను కొలుచుకున్నవి మూడు. తెలుగులో నిమిషానికి ఎన్ని మాటలు చదవగలను, ఇంగ్లీషులో ఎన్ని: తెలుగు మీడియం వాళ్లకు ఇక్కడే పెద్ద గండి ఉంటుంది. అది భాష మీద అలవాటు లేకపోవడమే, దాన్ని బుర్ర రకం అనుకోకూడదు. ఎన్ని నిమిషాలకు చూపు లైను మీద నుంచి జారుతోంది: జారిన ప్రతిసారీ పేజీ అంచున టిక్కు పెడితే మూడు రోజుల్లో తెలుస్తుంది. నాకు పాతిక నిమిషాలు. మూడోది, ఆ పాఠం గురించి ముందే ఎంత తెలుసు. అన్నిటికన్నా ఇదే బరువైనది. శ్రీబాగ్ ఒడంబడిక 1937 నవంబరు 16న అని, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న అని తెలిసినవాడికి ఆ తర్వాతి కథ ఏ పద్ధతిలో చెప్పినా అంటుకుంటుంది. పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. బోర్డు మీద అక్షరాలు కనపడని పిల్లవాణ్ని "వాడు వినే రకం" అనేస్తారు. ముందు కంటి పరీక్ష చేయించాలి. అక్షరాలు తారుమారుగా చదివే ఇబ్బంది విడవకుండా ఉంటే నిపుణులకు చూపించాలి. అదీ బుర్ర రకం కాదు.

ఈ పేర్లు పెట్టుకోవడంలో నష్టం ఇంకొకటి ఉంది. "నాది చదివే రకం కాదు" అన్నవాడు చదవడం తగ్గిస్తాడు. తగ్గించేకొద్దీ చదివే వేగం పడిపోతుంది. ఏడాదికి ఆ మాట నిజమై కూర్చుంటుంది. మా ఏపీ గ్రూప్-2 మెయిన్స్‌లో రెండు పేపర్లు, ఒక్కోదాంట్లో 150 బిట్లు, తప్పుకు మూడో వంతు కోత. అక్కడ ఎవరూ చదివి వినిపించరు.

ఇప్పుడు నడుస్తున్నది కార్డుల డబ్బా. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. చెప్పుల డబ్బాలో అట్టముక్కలు అడ్డం పెట్టి ఐదు అరలు చేశా. ఒక చార్టును 32 ముక్కలు కోస్తే సరిపడా కార్డులు. ముందు ప్రశ్న, వెనక జవాబు. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకు, ఐదోది నెలకు. జవాబు సరైతే తర్వాతి అరకు, తప్పితే ఎక్కడున్నా మళ్లీ మొదటి అరకు. కార్డుకు ఒకే సంగతి ఉండాలి. "73వ సవరణ ఎప్పుడు, ఎన్ని అంశాలు" అని రాస్తే ఒకటి వచ్చి ఒకటి రాక కార్డు ఎటు వేయాలో తెలియదు. 1992 ఒక కార్డు, 11వ షెడ్యూలులో 29 అంశాలు ఇంకో కార్డు. నదులకు మాత్రం ప్రశ్న వైపు "గీయి" అని రాసి, వెనక పటం. జవాబు నోటితో అన్నాకే కార్డు తిప్పాలి. తిప్పి చూసి "అవును, తెలుసు" అన్నది తప్పు కిందే లెక్క.

కొత్త కార్డులు రోజుకు పన్నెండు దాటనివ్వను. మొదటి వారం హుషారులో నలభై వేస్తే మూడో వారానికి పాతవే రెండు గంటలు తింటాయి, అక్కడ డబ్బా అటకెక్కుతుంది. పెళ్లో జాతరో వచ్చి నాలుగు రోజులు తప్పిందనుకోండి, బకాయి అంతా ఒక్కరోజులో తీర్చబోకూడదు. కొత్తవి ఆపేసి, మొదటి రెండు అరలు ముందు తిప్పి, మిగతావి రోజుకు ముప్పై చొప్పున లాక్కురావాలి. ఐదో అర ఇంకో వారం ఆగినా కొంప మునగదు.