బ్లెన్‌హైమ్ బల్ల: ఊళ్ళో పట్టని 27 బెటాలియన్లు

జూన్ 8

1704 నాటి బ్లెన్‌హైమ్ యుద్ధాన్ని చిన్న బొమ్మలతో ఆడేందుకు చేస్తున్న బల్లకు ప్లైవుడ్ వచ్చింది. 8×4 షీటు, 12 మి.మీ. మందం. నిండు షీటు మా మెట్ల మలుపు దగ్గర తిరగదు కాబట్టి బాబాయి చేత 32 అంగుళాల చొప్పున మూడు ముక్కలు కోయించాను. రంపం పెట్టేముందు ఆయన అడిగింది ఒకటే: "అతుకు ఎక్కడ పడినా ఫర్లేదా, నీకేమైనా ఇబ్బందా?" ఇబ్బందే. ఊరి మధ్యలో అతుకు పడకూడదు. అందుకే కోతకు ముందే బల్లంతా పెన్సిల్‌తో గీసుకున్నాను. ఎడమ ముక్కలో డాన్యూబ్ ఒడ్డున బ్లిండ్‌హైమ్, నడిమి ముక్కలో ఒబర్‌గ్లావ్, కుడి ముక్కలో అడవి అంచున లుట్జింగెన్. ఇంగ్లీషువాళ్ళు బ్లెన్‌హైమ్ అని పిలిచేది ఆ బ్లిండ్‌హైమ్‌నే. ఫ్రెంచివాళ్ళూ జర్మన్లూ ఈ యుద్ధాన్ని పక్కనున్న హోష్టెట్ పట్నం పేరుతో చెప్పుకుంటారు.

కొలత 1 సెం.మీ.కు 30 మీటర్లు. బ్లిండ్‌హైమ్ నుంచి లుట్జింగెన్ దాకా సుమారు 6 కిలోమీటర్ల బారు, అంటే బల్ల మీద 2 మీటర్లు. రెండు పక్కలా కాస్త ఖాళీ మిగులుతుంది.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1700లో స్పెయిన్ రాజు రెండో చార్లెస్ సంతానం లేకుండా పోయాడు. ఆ సింహాసనం ఫ్రాన్స్ రాజు 14వ లూయీ మనవడికి దక్కింది. అది సహించని ఇంగ్లండ్, డచ్చి రిపబ్లిక్, ఆస్ట్రియా ఒక జట్టు కట్టాయి. బవేరియా ఫ్రాన్స్ వైపు వెళ్ళడంతో 1704 నాటికి వియన్నాకే ముప్పు వచ్చింది. ఇంగ్లీషు సేనాని మార్ల్‌బరో మే 19న కొలోన్ దగ్గరి బెడ్‌బర్గ్ నుంచి బయల్దేరి సైన్యాన్ని డాన్యూబ్ దాకా నడిపించాడు. దారిలో హైడెల్‌బర్గ్‌లో సైనికులకు కొత్త బూట్లు సిద్ధంగా పెట్టించాడు. ఆ బూట్ల సంగతి చదివిన రోజే నాకు ఈ యుద్ధం మీద మనసు పడింది.

ఆగస్టు 13న మార్ల్‌బరో, సవాయ్ యువరాజు యూజీన్ కలిసి దాదాపు 52,000 మందితో నిలబడ్డారు. ఎదురుగా ఫ్రెంచి మార్షళ్ళు తాలార్, మార్సాన్, బవేరియా పాలకుడు మాక్స్ ఎమాన్యుయేల్, దాదాపు 56,000 మంది. ఇంగ్లండ్‌లో అప్పటికి పాత క్యాలెండరే నడుస్తోంది కాబట్టి అక్కడి పాత పటాల మీద ఆగస్టు 2 అని ఉంటుంది. రెండూ ఒకే రోజు.

జూన్ 22

ఒక తప్పు జరిగింది, మీకు జరక్కూడదని రాస్తున్నాను. 20 మి.మీ. నీలం ఫోమ్ బోర్డుతో నేల ఎత్తుపల్లాలు చెక్కి, దాని మీద నేరుగా స్ప్రే ప్రైమర్ కొట్టాను. డబ్బాలోని ద్రావకానికి ఫోమ్ కరిగిపోయి తేనెపట్టులా గుల్లలు పడింది. ఒబర్‌గ్లావ్ వెనక మెట్ట మొత్తం పీకేసి మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది.

సరైన పద్ధతి ఇది: ఫెవికాల్ ఒక పాలు, నీళ్ళు ఒక పాలు, అందులో సుద్దపొడి వేసి పలచటి దోసెపిండిలా కలపాలి. బ్రష్‌తో రెండు పూతలు, మధ్యలో ఒక రాత్రి ఆరనివ్వాలి. ఆ పైన గోడలకు వేసే ఎమల్షన్ మిగిలితే అది చాలు. మట్టిరంగు కోసం నేను అందులో రెడ్ ఆక్సైడ్ చిటికెడు కలిపాను. ముందు ఎక్కువ పడింది. బవేరియా నేల అంత ఎరుపు కాదు. తరువాతి పూతలో నలుపు, పసుపు కలిపి దించాను.

జూలై 6

బొమ్మలు. 6 మి.మీ. సైజు, తెల్ల లోహంతో పోసినవి, నలుగురేసి ఒక పట్టీగా వస్తాయి. ఒక బెటాలియన్‌కు నాలుగు పట్టీలు, రెండు వరసల్లో 16 మంది. వాటిని అతికించే బేస్ (అడుగు పలక) 40×20 మి.మీ. అంటే ఆ బెటాలియన్ నేల మీద 120 మీటర్ల వెడల్పున నిలబడ్డట్టు. 500 మంది బెటాలియన్‌కు ఇది నప్పుతుంది. ఒక బొమ్మ సుమారు 30 మందికి గుర్తు.

రంగు వేసే వరస: ఐస్‌క్రీమ్ పుల్ల మీద నాలుగు పట్టీలు కొద్ది జిగురుతో నిలబెట్టాలి. వానాకాలం గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్ప్రే కొడితే పైన బూడిద పట్టినట్టు తెల్లటి పొర వస్తుంది. అందుకని ఈ మూడు నెలలూ ప్రైమర్ కూడా చేత్తోనే వేస్తున్నాను. ఫ్రెంచి కోటు తెలుపు అంటారు గానీ అది రంగు వెయ్యని ఉన్ని తెలుపు, కాస్త బూడిద కలిసినది. బూడిదరంగు ప్రైమర్ వేసి, పైన మాసిన తెలుపుతో డ్రై బ్రష్ చేస్తే (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రాస్తే) సరిగ్గా దిగుతుంది. ఇంగ్లీషు ఎరుపుకు ముందు ముదురు మెరూన్, ఆ తరువాత భుజాల మీద, చేతుల మీద మాత్రమే ఎరుపు. ప్రష్యన్లకు ముదురు నీలం, బవేరియన్లకు లేత నీలం, డచ్చివాళ్ళకు బూడిద. ముఖానికి ఒకే ఒక్క చుక్క. కళ్ళ జోలికి పోకూడదు. బెటాలియన్‌కు గంటా పది నిమిషాలు పడుతోంది.

తికమక పెట్టేది ఎరుపే. ఇంగ్లీషువాళ్ళదీ, హనోవర్‌వాళ్ళదీ ఎరుపే. ఫ్రాన్స్ కొలువులో ఉన్న ఐరిష్ రెజిమెంట్లవీ, స్విస్‌వాళ్ళవీ ఎరుపు కోట్లే. మూడడుగుల దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు. అందుకని కూటమి బేస్‌ల అంచుకు ఆకుపచ్చ, ఫ్రెంచి వైపు అంచుకు తెలుపు వేశాను. ఆ రోజు పొగలో వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎలా గుర్తుపట్టుకున్నారో అని రంగు వేస్తున్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాను.

జూలై 27

జెండాలు కాగితం మీద అచ్చువేసి, మడిచి అతికించి, తడి ఆరకముందే పెన్సిల్‌కు చుట్టి ముడతలు తెచ్చాను. నవార్ రెజిమెంట్ జెండాకు రెండు సాయంత్రాలు పట్టింది: ఎండుటాకు రంగు నాలుగు గళ్ళు, మధ్యన తెల్ల శిలువ. బ్లిండ్‌హైమ్‌లో లొంగిపోక తప్పని స్థితి వచ్చినప్పుడు నవార్‌వాళ్ళు తమ జెండాలను శత్రువు చేతికివ్వకుండా కాల్చేశారు. అది తెలిశాక ఈ ఒక్క జెండాను అచ్చుతో సరిపెట్టలేక చేత్తో గీశాను.

ఆగస్టు 13

ఈ రోజు ఖాళీగా వదలబుద్ధి కాలేదు. బ్లిండ్‌హైమ్ ముందు ఇంగ్లీషు బ్రిగేడియర్ రో చేసిన దాడిని బల్ల మీద నిలబెట్టాను.

ఊరి చుట్టూ దడికి కొబ్బరి చీపురు పుల్లలు 4 మి.మీ. ముక్కలు కోసి, ఒక్కొక్కటి వేరే ఎత్తులో గుచ్చాను. వాటి మధ్య బోర్లించిన బళ్ళు, తలుపులు, ఇళ్ళలోని సామాను. ఫ్రెంచివాళ్ళు దొరికినవన్నీ అడ్డం పెట్టుకున్నారు. ఊరికీ డాన్యూబ్‌కీ మధ్యన ఫ్రెంచి డ్రాగూన్లను (మామూలుగా గుర్రాల మీద తిరిగే తుపాకీ సైనికులను) కాలినడకనే పెట్టాను. రోగం వచ్చి వాళ్ళ గుర్రాలు చచ్చిపోయాయి, అందుకే వాళ్ళు బళ్ళ చాటున నిలబడి పోరాడారు. గుర్రం మీదున్న డ్రాగూన్ బొమ్మలు కొనేసినవాళ్ళు వాటిని వేరే చోటికి దాచుకోండి.

బ్రిగేడియర్ రో తన అయిదు బెటాలియన్లకు చెప్పిన మాట: నా కత్తి ఆ దడికి తగిలేదాకా ఎవరూ కాల్చకూడదు. ఫ్రెంచివాళ్ళు వాళ్ళు 30 అంగల దూరంలోకి వచ్చేదాకా ఆగి ఒక్కసారిగా కాల్చారు. రో దడి దాకా వెళ్ళాడు, కత్తితో కొట్టాడు, అక్కడే ప్రాణాంతకంగా గాయపడ్డాడు. ఆ మొదటి దాడిలోనే మూడో వంతు మంది పడిపోయారు.

ఆ 30 అంగల దూరం నా కొలతలో ఎంతో స్కేలు పెట్టి చూశాను. 8 మి.మీ. నా చిటికెన వేలి గోరంత. బేస్‌ను దడి ముందు అంత దగ్గరగా పెట్టి, వంగి బొమ్మల ఎత్తు నుంచి చూశాను. దడి సందుల్లో తుపాకీ గొట్టాలు కనిపించాయి. చాలాసేపు బ్రష్ పట్టుకోలేకపోయాను.

పొగకు దూది. పీచులు విడదీసి, ఫెవికాల్ నీళ్ళలో ముంచి తీసి, ఆరాక కొనలకు బూడిదరంగు అద్దాలి. ఫ్రెంచివాళ్ళు వరస వెంట వరస కాల్చేవారు కాబట్టి వాళ్ళ బేస్ ముందు దూది ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే గోడలా వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు బెటాలియన్‌ను ప్లటూన్లుగా విడదీసి వంతులవారీగా కాల్చేవారు. కొన్ని కాలుస్తుంటే మిగతావి మందు దట్టించుకుంటాయి. కాబట్టి వాళ్ళ ముందు దూది చిన్న చిన్న ముద్దలుగా, మధ్యలో సందులతో ఉండాలి. ఈ ఒక్క తేడా పాటిస్తే చాలు, ఎవరు ఎలా కాలుస్తున్నారో బల్లే చెబుతుంది.

సెప్టెంబర్ 14

నెబెల్ వాగు. మొదట 1.5 సెం.మీ. వెడల్పున చెక్కాను. లెక్క వేస్తే అది 45 మీటర్లు! పక్కనే డాన్యూబ్‌కు నేనిచ్చిందే 3 సెం.మీ. పూడ్చేసి 3 మి.మీ. కాలవ మళ్ళీ గీశాను. ఇదీ కొలతకు ఎక్కువే గానీ అంతకన్నా సన్నగా చేస్తే వాగు కంటికి ఆనదు. అసలు అడ్డంకి నీళ్ళు కాదు, రెండు పక్కలా ఉన్న బురద. ఇరుపక్కలా 3 సెం.మీ. మేర టిష్యూ కాగితం తడిపి పరిచి, ముదురు గోధుమరంగు వేసి, మెరిసే (గ్లాసీ) వార్నిష్ మూడు పూతలు వేశాను. రెల్లుకు కొబ్బరి పీచు. కూటమి సైన్యం దాటడానికి వేసిన వంతెనలు అగ్గిపుల్లలతో అయ్యాయి. వాగు పక్కనున్న ఉంటర్‌గ్లావ్‌నూ మిల్లులనూ ఫ్రెంచివాళ్ళే తగలబెట్టారు కాబట్టి ఆ ఇళ్ళకు పైకప్పులు లేవు, నల్లటి దూలాలు మాత్రమే.

పొలాలకు పాత తువ్వాలు. ఆగస్టు కదా, కోతలైన చేలు. తువ్వాలు ముక్కలను టీ డికాక్షన్‌లో నానబెట్టి, ఆరాక కత్తెరతో పొట్టిగా కత్తిరిస్తే అచ్చం కొయ్యకాళ్ళలా ఉంటుంది. ఫెవికాల్‌ను తువ్వాలుకు కాకుండా ఫోమ్‌కు రాయండి, లేదంటే పీచు గట్టిపడిపోతుంది.

అక్టోబర్ 5

ఇప్పటికి 58 బేస్‌లు, 928 బొమ్మలు. బ్లిండ్‌హైమ్‌కు కావాల్సిన ఫ్రెంచివాళ్ళందరూ తయారు. నిన్న రాత్రి ఊళ్ళో సర్దడం మొదలుపెట్టాను.

తాలార్ మొదట అక్కడ పెట్టింది 9 బెటాలియన్లు. రో తరువాత మరో దాడి వచ్చేసరికి ఊరి బాధ్యత చూస్తున్న క్లెరాంబో, తాలార్‌ను అడక్కుండానే వెనకున్న 18 బెటాలియన్లనూ ఊళ్ళోకి పిలిచేశాడు. మొత్తం 27. ఈ అంకె నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చదివిన ప్రతిసారీ, పొరపాటు చేశాడు పాపం, అనుకుని పేజీ తిప్పేశాను.

ఊరికి నేను తీసుకున్న చోటు 20×16 సెం.మీ. మొదటి 9 బేస్‌లు దడి వెంట చక్కగా కూర్చున్నాయి. పన్నెండోది పెట్టేసరికి సందుల్లో చోటు అయిపోయింది. పద్దెనిమిదోదానికి ఇళ్ళు అడ్డొచ్చాయి. నా ఇళ్ళు నేల కొలతకన్నా పెద్దవి కాబట్టి అది వాటి దోషమేమో అని ఇళ్ళన్నీ తీసేసి, ఉత్త కాగితం మీద ఊరి హద్దు గీసి మళ్ళీ పేర్చాను. చోటయితే పట్టింది. కానీ శత్రువు వైపున్న మూడు పక్కలూ కలిపితే 52 సెం.మీ. ఒక్కో బెటాలియన్‌కు 4 సెం.మీ. అంచుమీద నిలబడి తుపాకీ ఎత్తగలిగేది 13 బెటాలియన్లే. మిగతా 14 బెటాలియన్లు తమవాళ్ళ వీపులు చూస్తూ నిలబడాలి. నా బల్ల మీద అది 224 మంది బొమ్మలు. అక్కడ కొన్ని వేలమంది మనుషులు, ఒక్క తూటా కూడా కాల్చే వీలు లేకుండా.

ఆ 18 బేస్‌లు తీసుకున్న చోటు వైపు చూశాను. బ్లిండ్‌హైమ్‌కూ ఒబర్‌గ్లావ్‌కూ మధ్య దాదాపు మీటరు మేర నేను కష్టపడి అతికించిన కొయ్యకాళ్ళ చేను. అందులో గుర్రపు దళం తప్ప ఫ్రెంచి కాలిబలం తొమ్మిదంటే తొమ్మిదే బేస్‌లు. కొత్తగా చేరిన కుర్రాళ్ళ బెటాలియన్లవి. సాయంత్రం అయిదు దాటాక మార్ల్‌బరో గుర్రపు దళం, కాలిబలం కలిపి నడిపించింది సరిగ్గా ఆ ఖాళీలోకి. ఫ్రెంచి గుర్రపు దళం చెదిరిపోయింది. కర్నల్ బ్లడ్ వాగు దాటించి తెచ్చిన ఫిరంగులు దగ్గరనుంచి కాలుస్తుంటే ఆ కుర్రాళ్ళు వరస తప్పకుండా నిలబడ్డచోటే చచ్చిపోయారు. తాలార్ పట్టుబడ్డాడు. క్లెరాంబో డాన్యూబ్‌లో మునిగిపోయాడు. ఊళ్ళో ఇరుక్కున్నవాళ్ళు చీకటి పడే వేళకు ఆయుధాలు దించారు.

అందుకే ఊరి అమరిక మారుస్తున్నాను. ముందున్న 9 బేస్‌లను నేలకు అతికించేస్తున్నాను. 18 బేస్‌ల అడుగున మాత్రం 5 మి.మీ. అయస్కాంతాలు, నేలలో సన్నటి ఇనప రేకు. ఆడేవాళ్ళు వాటిని చేలోనే ఉంచుకోవచ్చు, ఊళ్ళోకి తేవచ్చు. అయస్కాంతం జిగురు ఆరేలోపు పక్కదానికి అతుక్కుంటుంది, కనీసం అరచెయ్యి ఎడం పెట్టి ఆరబెట్టండి.

వచ్చే నెల పని: ఒబర్‌గ్లావ్ దగ్గర ఐరిష్ రెజిమెంట్లు, వాళ్ళ మీదికి వెళ్ళి గాయపడి పట్టుబడిన కూటమి సేనాని హోల్‌స్టైన్-బెక్ నడిపిన బెటాలియన్లు, తరువాత యూజీన్ వైపు ప్రష్యన్లు. ఆ తొమ్మిది కుర్ర బెటాలియన్లకు ఇంకా ముఖాలు వెయ్యలేదు. రేపు సాయంత్రం వాటితోనే మొదలుపెడతాను.